కొరుకు బలం కొలవడమెలా, ఆ అంకెతో వైద్యం చెయ్యడమెలా

సంక్రాంతి వెళ్లిన వారం పాలకొల్లులో నా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామంది తేగల బాధితులు, లేకపోతే చేగోడీల బాధితులు. ఒక ఏడు అలాగే ఒక పెద్దాయన వచ్చారు. అంతకు రెండు నెలల ముందు ఆయనకు పైనా కిందా పూర్తి పళ్ల సెట్టు కట్టింది నేనే. సెట్టు బాగా కూర్చుంది, ఎక్కడా పుండు లేదు, మాట స్పష్టంగా ఉంది. "అన్నీ బానే ఉన్నాయి గానండీ, తేగ మాత్రం నలగట్లేదు. ఎక్కడో తేడా కొట్టిందేమో చూడండి" అన్నారు.

రెండుసార్లు అరగదీశాను. ఆయన మూడోసారి వచ్చాక గాని ఎంత బలంతో కొరుకుతున్నారో కొలిచి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. పళ్ల మధ్య పెట్టి కొరికించే గేజి 70 న్యూటన్ల దగ్గర ఆగిపోయింది, అంటే ఏడు కిలోల బరువు. సెట్టులో తేడా ఏమీ లేదు. పీచున్న తేగను నలిపేంత బలం ఆ సెట్టు మీద ఆయన పెట్టలేరు, అంతే. ఈ మాట సెట్టు కట్టకముందు చెప్పాల్సింది. చెప్పకపోవడం నా తప్పు.

అప్పటినుంచి అవసరమైన ప్రతి కేసులో కొలుస్తున్నాను. ఇది ముఖ్యంగా కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పంటి డాక్టర్ల కోసం రాస్తున్నా. క్యాప్, బ్రిడ్జి, ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) పెట్టించుకోబోయేవాళ్లు చదివినా నష్టం లేదు, డాక్టర్ని ఏం అడగాలో తెలుస్తుంది.

ఈ అంకె దేన్ని చెబుతుంది

కొందరు దీన్ని కాటు బలం అని రాస్తారు. కాటు పాముది, కుక్కది. మనుషులకి కొరుకు బలం అంటే సరిపోతుంది.

పళ్లు బిగించి చెంప మీద చెయ్యి పెడితే గట్టిగా పొంగే కండరం మాసెటర్. కణత మీద విసనకర్రలా పరుచుకుని ఉండేది టెంపొరాలిస్. దవడ లోపలి వైపు మీడియల్ టెరిగాయిడ్ ఉంటుంది. కింది దవడను పైకి లాగేవి ప్రధానంగా ఈ మూడే. చెవి ముందున్న కీలు వీటికి ఇరుసు. అడకత్తెర వాడినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పోకచెక్కను కొసన పెడితే తెగదు, ఇరుసు దగ్గరికి జరిపితే టక్కున తెగుతుంది. దవడ పళ్ల దగ్గర ఎక్కువ బలం, ముందు పళ్ల దగ్గర తక్కువ బలం వచ్చేది అందుకే.

పళ్లన్నీ ఉన్న ఆరోగ్యవంతుల్లో మొదటి దవడ పన్ను దగ్గర, ఒక వైపున, సాధారణంగా 300 నుంచి 700 న్యూటన్లు వస్తుంది. మగవాళ్లకి కాస్త ఎక్కువ. ముందు పళ్ల దగ్గర 100 నుంచి 200 దాకా ఉంటుంది. ఒక కిలో బరువంటే 9.81 న్యూటన్లు. మన ధాన్యం బస్తా 75 కిలోలు కాబట్టి దాని బరువు దాదాపు 736 న్యూటన్లు. అంటే గట్టి మనిషి దవడ పన్ను మీద ఇంచుమించు ఒక బస్తా బరువు పడుతుంది. 1986లో అమెరికాలోని ఫ్లోరిడాలో రిచర్డ్ హాఫ్‌మన్ అనే ఆయన 442 కిలోల బలంతో రెండు సెకన్లపాటు కొరికి గిన్నిస్ రికార్డుకెక్కాడు. ఆరు బస్తాలకు కొంచెం తక్కువ! మనకి అంత పని లేదు. మామూలు నమలడానికి 70 నుంచి 150 న్యూటన్లు చాలు.

ఇక అసలు సంగతి. గేజి చూపేది కండలో ఎంత బలం ఉందో కాదు, ఆ మనిషి ఎంత నొక్కడానికి ఒప్పుకున్నాడో. పన్నుకీ ఎముకకీ మధ్య ఒక సన్నటి పొర ఉంటుంది, దాని నిండా ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలు. అన్నంలో రాయి తగలగానే మనం ఆలోచించేలోపే దవడ ఆగిపోవడం ఆ పొర చలవే. నొప్పి ఉన్నా, పన్ను కదులుతున్నా, పెట్టిన క్యాప్ మీద నమ్మకం లేకపోయినా, డాక్టర్ని చూసి టెన్షన్ పడినా అంకె పడిపోతుంది. ఇది మర్చిపోయి అంకెను చదివితే తప్పుడు వైద్యం చేస్తాం.

ఎవరికి కొలవకూడదు

చీము పట్టిన పన్ను, వేలితో నొక్కితే ఊగే పన్ను, రూట్ కెనాల్ అయి ఇంకా క్యాప్ పడని పన్ను, కొత్తగా వేసి ఎముకకు ఇంకా పట్టని ఇంప్లాంట్, విరిగితే అప్పుడే అతికించిన దవడ: వీటి మీద గేజి పెట్టకండి. దవడ కీలు తరచూ జారేవాళ్లకీ వద్దు. గుట్కా, వక్కపొడి అలవాటు వల్ల నోరు బిగుసుకుపోయినవాళ్ల నోట్లో మందమైన గేజిని దూర్చే ప్రయత్నం అసలు చెయ్యొద్దు. ఆ బిగుసుకుపోవడం క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు, కొరుకు బలం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ వైద్యం మొదలుపెట్టాలి.

పరికరం ఎంచుకోవడం

ఈ కొలత కొత్తదేమీ కాదు. ఇటలీ శాస్త్రవేత్త బొరెల్లి కింది దవడ పళ్ల మీదుగా తాడు వేసి, దానికి బరువులు కట్టి, మనిషి దవడతో ఎంత లేపగలడో చూశాడు. ఆ ఫలితాలు 1681లో, ఆయన పోయాక, అచ్చులోకి వచ్చాయి. ఇవాళ అదే పని స్ట్రెయిన్ గేజి చేస్తుంది. రెండు స్టీలు పలకల మధ్య నొక్కుడు పడితే లోపలి సన్నటి లోహపు రేకు సాగుతుంది, దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పు న్యూటన్లుగా తెరమీద కనిపిస్తుంది. జపాన్‌లో తయారైన చేతి గేజిల్లో ద్రవపీడనంతో పనిచేసేవీ ఉన్నాయి.

అట్టముక్కంత పలచటి ఫిల్మ్ సెన్సర్లు కూడా దొరుకుతాయి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టుల్లో వాడేది వీటినే. చవక, పళ్ల మధ్య సులువుగా పడతాయి. కానీ నోటి వేడికి, పదేపదే నొక్కడానికి రీడింగ్ జారిపోతుంది. అస్తమానూ సరిచూసుకునే ఓపిక ఉంటేనే కొనండి.

టీ-స్కాన్‌తో చాలామంది పొరబడతారు. ఏ పన్ను ముందు తగులుతోంది, మొత్తం ఒత్తిడిలో ఎవరి వాటా ఎంత శాతం అన్నది అది చెబుతుంది. న్యూటన్లు చెప్పదు. బ్రిడ్జి సరిదిద్దడానికి అది మంచి సాధనం, బలం కొలవడానికి కాదు.

చిన్న క్లినిక్‌కి నా ఓటు స్ట్రెయిన్ గేజికే. రెండు పలకలకూ రెండేసి మిల్లీమీటర్ల సిలికోన్ మెత్త ఉండాలి. ఒట్టి స్టీలు మీద ఎవరూ గట్టిగా కొరకరు, కొరికితే పన్ను పెచ్చు లేచే ప్రమాదం ఉంది.

తూనిక రాళ్లతో సరిచూడటం

కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నా నెలకోసారి మీరే చూసుకోండి. ముద్ర వేసిన తూనిక రాళ్లు ఎరువుల షాపులోనో కిరాణా కొట్లోనో అరువు దొరుకుతాయి. 5 కిలోల రాయి పెడితే 49 న్యూటన్లు, 10 పెడితే 98, 20 పెడితే 196, రెండు ఇరవైలూ ఒక పదీ కలిపి పెడితే 490 చూపాలి. రాళ్లు పడిపోకుండా చిన్న చెక్క ముక్క ఆసరాగా పెట్టుకోండి. బరువు సరిగ్గా పన్ను ఆనే చోటే పడాలి, ఎందుకంటే చాలా గేజిల్లో ఒత్తిడి ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే రీడింగ్ మారిపోతుంది. అందుకే ఆ చోట పర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి ఉంచుకున్నాను.

బరువు పెంచుతూ ఒకసారి, తీసేస్తూ ఒకసారి రాసుకోండి. రెండు వరసల మధ్య తేడా పెద్దగా ఉంటే మెత్తో గేజో పాడై ఉండొచ్చు, చూసుకుని మార్చెయ్యండి. నేను దీన్ని పట్టించుకోని ఒక వేసవిలో, ఒక్క నెలలో ఊరంతా బలవంతులైపోయారు!

కూర్చోబెట్టడం, చెప్పడం, కొలవడం

డెంటల్ కుర్చీని వెనక్కి వాల్చి కొలవకండి. కుర్చీ నిటారుగా, పాదాలు ఆనుకుని, తల భోజనం చేసేటప్పుడు ఉన్నట్టు ఉండాలి. తల పైకెత్తినా వంచినా కింది దవడ ఉండే చోటు మారుతుంది, దాంతో అంకె కూడా మారుతుంది.

గేజిని మొదటి దవడ పన్ను మీద పెట్టండి. అది లేకపోతే రెండో చిన్న దవడ పన్ను మీద పెట్టి, ఆ మాట చీటీలో రాయండి. ముందు పళ్ల మధ్య ఎడం 15 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా ఉన్నప్పుడు కండర పోగులు తగిన పొడవులో ఉండి ఎక్కువ బలం వస్తుంది. మెత్తలతో కలిపి గేజి మందం ఎంతో తెలుసుకుని, ఎడం ప్రతిసారీ ఒకేలా ఉండేట్టు చూడండి. ఆరు నెలల తర్వాత వేరే మందం గేజితో కొలిచి "బలం పెరిగిందండీ" అంటే పేషెంట్‌ని మోసం చేసినట్టే.

తర్వాత మాట. చాలా క్లినిక్‌లలో తప్పు జరిగేది ఇక్కడే. "కొరకండి" అంటే మన దగ్గర పెద్దవాళ్లు మర్యాదకి మెల్లగా కొరుకుతారు, డాక్టరు గారి వస్తువు పాడవుతుందేమో అని. నేను చెప్పే మాటలు ఎప్పుడూ ఇవే: "బాబాయ్ గారూ, ఇది విరగదు, మీ పన్నూ విరగదు. ముందు సగం బలంతో ఒకసారి నొక్కండి. ఇప్పుడు నేను ఒకటి అన్నాక మొదలుపెట్టి, మూడు అనేదాకా మీకున్న బలమంతా పెట్టండి. నొప్పి వస్తే వెంటనే వదిలెయ్యండి." ఆయన "ఆయ్" అంటారు, అప్పుడు మొదలుపెడతాను. మాటలే కాదు, గొంతు కూడా మారకూడదు. ఒకరికి "ఇంకా, ఇంకా!" అని అరిచి, ఇంకొకరి దగ్గర ఊరుకుంటే ఆ రెండు అంకెల్నీ పోల్చకూడదు. పక్కన మనవడు నిలబడి తాతని ఉడికిస్తుంటే బయటికి పంపించండి. నవ్వొస్తే కొరకలేరు.

ప్రతి వైపు మూడుసార్లు కొలవండి. ఒక్కోసారీ రెండు మూడు సెకన్లు చాలు. మధ్యలో కనీసం ఒక నిమిషం విశ్రాంతి ఇవ్వండి, లేకపోతే కండరం అలిసిపోయి మూడో అంకె తగ్గుతుంది. మూడింటిలో పెద్దది తీసుకుంటారా, సగటు తీసుకుంటారా అన్నది మీ ఇష్టం, ఒకటి పట్టుకుంటే దాన్నే పట్టుకోండి. నేను పెద్దదే తీసుకుంటాను, ఎందుకంటే రేపు క్యాప్‌ని పగలగొట్టేది సగటు బలం కాదు. మొదటిది బాగా తక్కువై రెండూ మూడూ పెరుగుతూ పోతుంటే భయం తగ్గుతోందన్నమాట, నాలుగోసారీ చూడండి.

గేజికి ఒక్కొక్కరికి ఒక కొత్త ప్లాస్టిక్ తొడుగు, తర్వాత శుభ్రం. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

చీటీలో తేదీ, గేజి మందం, ఏ పన్ను, కుడి మూడు అంకెలు, ఎడమ మూడు అంకెలు, ఆ రోజు నొప్పి ఉందా లేదా, నోట్లో ఏయే క్యాప్‌లు, సెట్లు ఉన్నాయి అన్నవి రాస్తాను. ఏ వైపు నములుతారని కూడా అడుగుతాను. "రెండు వైపులా అండీ" అన్నవాళ్ల గేజి తరచూ వేరే కథ చెబుతుంది.

అంకె చదవడం

ఒక మనిషిని ఇంకో మనిషితో పోల్చకండి. ముఖం పొట్టిగా, దవడ చతురస్రంగా ఉన్నవాళ్లకి బలం ఎక్కువ, పొడుగు ముఖంవాళ్లకి తక్కువ. వయసు, మిగిలిన పళ్ల సంఖ్య, చిగుళ్ల స్థితి అన్నీ లెక్కలోకి వస్తాయి. 350 వచ్చిన ఆడమనిషికి లోపం ఉందని, 650 వచ్చిన రొయ్యల రైతు బాగున్నాడని అనుకోవడానికి లేదు.

ఆ మనిషినే తనతో పోల్చండి. కుడి 520, ఎడమ 210 అని వస్తే ఎడమవైపు ఏదో దాక్కుంది. నాకు ఎక్కువసార్లు దొరికింది బీటలు వారిన పన్ను. ఎక్స్‌రేలో కనబడదు, తట్టితే నొప్పి ఉండదు, కానీ నొక్కినప్పుడో నొక్కి వదిలినప్పుడో జివ్వుమంటుంది. చెరకు నమిలేవాళ్లు, సోడా మూత పళ్లతో తీసేవాళ్లు ముందుగానే అనుమానితులు.

వైద్యంలో వాడుకోవడం

పూర్తి సెట్టు వాడేవాళ్ల కొరుకు బలం సొంత పళ్లున్నవాళ్ల బలంలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటుంది. కారణం కండ చచ్చిపోవడం ఒక్కటే కాదు. సెట్టు కూర్చునేది మెత్తటి చిగురు మీద, గట్టిగా నొక్కితే చిగురు నొప్పెడుతుంది, కింది సెట్టు జారుతుంది, దాంతో దవడ తనంతట తానే వెనక్కి తగ్గుతుంది. సెట్టు కొత్తదయితే అంకె ఇంకా తక్కువే, అలవాటు పడ్డాక కొంత పెరుగుతుంది. అందుకే ఇప్పుడు ముందే చెప్పేస్తాను: అన్నం, కూర, చేప, మెత్తటి మాంసం, పూతరేకు బాగానే వెళ్తాయి, తేగ, జీడి, ఎండుకొబ్బరి ముక్క, పీత కాలు ఆశ పెట్టుకోవద్దు. ఇలా ముందే చెప్పడం మొదలుపెట్టాక, అరగదీయించుకోవడానికి తిరిగి వచ్చేవాళ్లు తగ్గారు.

ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లకి కింది దవడలో ముందు వైపు రెండు ఇంప్లాంట్లు వేసి, వాటి మీద సెట్టును బిగించే పద్ధతి ఉంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు, కింది పళ్లు పూర్తిగా పోయినవాళ్లకి మొదట ఇవ్వదగిన వైద్యం ఇదేనని ప్రకటించారు. సెట్టు జారదన్న ధైర్యం రావడంతో కొరుకు బలం దాదాపు రెట్టింపవడం మామూలే. కండ మునుపటిదే, మారింది సెట్టు మీద నమ్మకం.

పళ్లున్నవాళ్లకి ఇంప్లాంట్ వేసేటప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. ఇంప్లాంట్ చుట్టూ ఆ సన్నటి పొర ఉండదు. సొంత పన్ను వెంట్రుక కంటే సన్నటి వస్తువునీ పసిగడుతుంది, ఇంప్లాంట్‌కి అంత సున్నితం లేదు, కాబట్టి హద్దు మీరి నొక్కినా తెలియదు. కొలతలో 600 దాటినవాళ్లకి, పళ్లు నూరేవాళ్లకి, ఇంప్లాంట్ల సంఖ్యలో పిసినారితనం చెయ్యొద్దు. ఆసరా లేకుండా చివరికి వేలాడే పన్ను పెట్టొద్దు, క్యాప్ పైభాగం వెడల్పు తగ్గించండి.

క్యాప్‌ల విషయంలో ల్యాబ్ వాళ్లు, కంపెనీల మనుషులు చూపించే మెగాపాస్కల్స్ పట్టికను మీ గేజి న్యూటన్లతో నేరుగా పోల్చకండి. ఒకటి పదార్థం గట్టితనం, ఇంకొకటి దాని మీద పడే బరువు. వాటి మధ్య క్యాప్ మందం, ఆనే చోటు, అతికించిన తీరు ఉంటాయి. పదార్థాల వరస మాత్రం తెలిసి ఉండాలి. పాతకాలపు పింగాణీ 100 లోపు, లిథియం డైసిలికేట్ 400 దగ్గర, గట్టి రకం జిర్కోనియా 900 నుంచి 1200 దాకా. బలం ఎక్కువున్న మనిషికి వెనక పన్ను అయితే నేను జిర్కోనియానే చెబుతాను. చోటు మరీ తక్కువుంటే లోహపు క్యాప్ చెబుతాను, అందానికి తప్ప దానికి వంక పెట్టలేం. రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకి క్యాప్ ఎందుకు అని వాయిదా వేసేవాళ్లకి వాళ్ల రెండోవైపు అంకె చూపిస్తాను: "యాభై కిలోలండీ ఇది, ఆ పన్ను మీద పడేది కూడా ఇంతే." అప్పటిదాకా బేరమాడినవాళ్లు మాట్లాడకుండా తేదీ అడుగుతారు.

రాత్రిపూట పళ్లు నూరేవాళ్ల దగ్గర గేజిని పూర్తిగా నమ్మకండి. నిద్రలో పెట్టే బలం, మెలకువలో మనసు పెట్టి చూపిన గరిష్ఠాన్ని దాటడం కొందరిలో నమోదైంది. పగటి అంకె తక్కువుందని నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) మానెయ్యకూడదు. అరిగిన పళ్లు, పొద్దున్నే కణతల బరువు, పక్కన పడుకున్నవాళ్ల ఫిర్యాదు, ఇవే సాక్ష్యం.

కొబ్బరిచెట్టు మీంచి పడో, బండి మీంచి పడో దవడ విరిగి ప్లేట్లు వేయించుకున్నవాళ్లు మెత్తటి తిండి నుంచి మామూలు తిండికి ఎప్పుడు మారాలో చెప్పడానికి గేజి బాగా పనికొస్తుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టి, రెండు వారాలకోసారి కొలిస్తే అంకె మెల్లగా ఎక్కుతుంది. ఎక్కుతూ ఎక్కుతూ ఒక్కసారి దిగిందంటే ప్లేటు వదులైందేమో, ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. ఇలాంటి కేసుని భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో డెంటల్ కాలేజీకి పంపేటప్పుడు మీ అంకెల చీటీ కూడా ఇచ్చి పంపండి.

గేజి లేకపోతే

గేజి లేదని ఆగక్కర్లేదు. ఒక్కో పన్ను మీద, వీలైతే పన్ను మీది ఒక్కో మొన మీద, ప్లాస్టిక్ బైట్ పుల్ల పెట్టి కొరికిస్తే బీట ఎక్కడుందో దొరుకుతుంది. పళ్ల మధ్య పెట్టి కొరికించే రంగు కాగితం వల్ల పంటి మీద పడే మరకను మాత్రం బలానికి కొలతగా తీసుకోకండి. పెద్ద మరక అంటే ఎక్కువ ఒత్తిడి అని మాకూ అలాగే నేర్పారు, అది నిజం కాదు. చిన్న చుక్క పడినచోటే ఒక్కోసారి అసలు దెబ్బ ఉంటుంది.

నమలగల శక్తిని చూడాలంటే వేరుశనగ పలుకులు చాలు, పాత పరిశోధనల్లోనూ వీటినే వాడారు. లెక్కపెట్టి కొన్ని పలుకులు ఇచ్చి, ఇరవైసార్లు నమిలాక మింగకుండా గిన్నెలో ఉమ్మించి, నీళ్లు పోసి, పిండి జల్లెడలో వడకట్టండి. పైన మిగిలిందెంతో చూసి రాసుకోండి. పలుకులు, నమలడం లెక్క, జల్లెడ, మూడూ ప్రతిసారీ ఒకటే ఉండాలి. వేరుశనగ పడనివాళ్లు ఉంటారు, ముందే అడగండి. సెట్టు కట్టకముందు ఒకసారి, కట్టిన నెలకి ఒకసారి, మూడు నెలలకి ఇంకోసారి చేసి, మూడు గిన్నెలకీ ఫోన్లో ఫోటో తీసి పక్కపక్కన చూపిస్తే పేషెంట్‌కి న్యూటన్ల సంగతి చెప్పాల్సిన పనే ఉండదు.